కొయ్యశిల్పమున గొలుసు రంపము

కొయ్యశిల్పమనగానే తెలుగువారి మనస్సునకు ఉలి, సుత్తి, బాడిస యను మూడు పనిముట్లు తోచును. కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక లక్కపిడత, దేవాలయ రథముమీది సింహము - వీనిలో దేనిని తలచుకొన్నను, ఓరిమితో కూర్చున్న ఒక పనివాడును, అతని మోకాళ్ల ముందు పోగుపడిన సన్నని పెచ్చులును కన్నులకు కట్టును. అట్టివారితో గొలుసు రంపముతో శిల్పము చెక్కుదురని చెప్పినచో నవ్వు వచ్చును. కొందరికి కోపమే వచ్చును. చెవులు చిల్లులు పడు మ్రోతతో, పెట్రోలు పొగ గ్రక్కుచు, తాతలనాటి మఱ్ఱిని ఒక్క పూటలో నేలగూల్చు యంత్రమది. పనివారు దానిని చైన్‌సా అనియే పిలుతురు. రోడ్డు వెడల్పు చేయుటకు వచ్చిన గుత్తదారుని మనుష్యుల చేతిలో మాత్రమే దానిని చూచినవారు, అదియొక మారణాయుధమని తలంచుటలో వింత లేదు.

అయినను ఆ యంత్రము శిల్పశాల గడప త్రొక్కరాదనుట న్యాయము కాదు. గొడ్డలి పుట్టిన నాడును చెట్లు కూలినవి. ఆ గొడ్డలితోనే తొలి శిల్పి తన దుంగను చదును చేసికొనెను. ఆ మాటకు వచ్చినచో బాడిసకు తాత గొడ్డలియే. గొలుసు రంపము విషయమున లోకమునందు రెండు తప్పు తలపులు కలవు. యంత్రముతో చేసినది కళ కానేరదనుట మొదటిది. యంత్రముండగా నేర్పుతో పని యేమి యనుట రెండవది. మొదటిదానివలన కొందరు మంచి పనివారికి రావలసిన పేరు రాకపోవుటతో సరి. రెండవదానివలన వ్రేళ్లు పోవును, కాళ్లు తెగును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. కావున రెండవదానినే ముందుగా విచారింపవలెను. దానికి ఆ యంత్రము ఎట్టిదో తెలియవలెను.

ఈ రంపము పుట్టినది అడవిలో కాదు, వైద్యుల చేతులలో. 18వ శతాబ్ది చివర స్కాట్లండు దేశమున జాన్ ఎయిట్‌కెన్, జేమ్స్ జెఫ్రీ అను ఇద్దరు వైద్యులు సన్నని గొలుసునకు పండ్లు తీర్చి, రెండు కొనలను పిడులమర్చి, ఎముకలను కోయుటకు వాడిరి. 1830 ప్రాంతమున జర్మనీ దేశీయుడగు బెర్న్‌హార్డ్ హైనే ఆ గొలుసు ఒక పట్టీ చుట్టును చేతిపిడితో తిరుగునట్లు ఉపకరణము నిర్మించెను. కలపకోతకు పనికివచ్చు రంపములు మరి నూరేండ్లకు గాని రాలేదు. ఆండ్రియాస్ స్టీల్ అను జర్మను ఇంజనీరు 1926లో విద్యుత్తుతోను, 1929లో పెట్రోలుతోను నడచు రంపములను తయారుచేసెను. అవి ఇద్దరు పట్టి మోయవలసినంత బరువైనవి. ఒక్క మనిషి ఎత్తగలిగిన రంపములు విరివిగా వాడుకలోనికి వచ్చినది రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాతనే.

ఆనాటి గొలుసుల పండ్లు చేతిరంపపు పండ్లవంటివే. అవి త్వరగా మొద్దువారెడివి; వానికి ఆకురాయి పట్టుటకే ఎంతో కాలము చెల్లెడిది. 1946వ సంవత్సరపు శరత్కాలమున, అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రములో, జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అను కలపకోత పనివాడు కట్టెలు కొట్టుచు ఒక మోడులో వ్రేలెడు పొడవు గల పిల్లపురుగును చూచెను. అది కొయ్యను తొలుచు పెంకుపురుగు జాతిలోనిది. నారవెంబడి తినుటకును నారకడ్డముగా తినుటకును ఆ పురుగునకు భేదము లేదు. వంపు తిరిగిన రెండు దవడలను కుడికిని ఎడమకును ఆడించుచు, గట్టి కొయ్యను అది పిండివలె తొలుచుకొని పోవుచుండెను. కాక్స్ ఆ దవడల వంపును ఉక్కుతో అనుకరించి, పోర్ట్‌లండులోని తన యింటి నేలమాళిగలో క్రొత్త గొలుసును తయారుచేసి 1947లో అమ్మకమునకు పెట్టెను. నేటి గొలుసులును మూలమున ఆ వంపునే అనుసరించుచున్నవి. పెద్ద కర్మాగారములు కనిపెట్టలేకపోయిన దానిని ఒక పురుగు చూపినదనుట అతిశయోక్తి కాదు.

చెట్టు కూల్చు రంపమునకును చెక్కడపు రంపమునకును యంత్రభాగము ఒక్కటే. భేదమంతయు గొలుసు తిరుగు ఉక్కు పట్టీలో నున్నది. దీనిని పనివారు బారు అందురు. కూల్చుటకు వాడు బారు కొన వెడల్పుగా, గుండ్రముగా నుండును. అట్టి కొనతో పక్షి కన్ను చెక్కబోవుట చేటతో కాటుక పెట్టబోవుటవంటిది. చెక్కడపు బారు కొన పోనుపోను సన్నమై, నాణెమంత వంపుతో ముగియును. అమెరికా పనివారు ఈ కొనలకు తమ నాణెముల పేళ్లే పెట్టినారు. పది సెంట్ల నాణెము పేరిటి కొన మిక్కిలి సన్నని గీతలకును, పావు డాలరు నాణెము పేరిటి కొన అంతకంటె ముతక పనికిని వాడుదురు. ఆ నాణెముల అడ్డుకొలతలు వరుసగా 18, 24 మిల్లీమీటర్లని తలచుకొన్నచో కొన యెంతటిదో ఊహింపవచ్చును. దానిపై తిరుగు గొలుసు పండ్లును చిన్నవే. ఆ సన్నని కొనయందు తిరుగుడు చక్రము ఉండదు. గొలుసు ఉక్కుమీదనే రాచుకొనుచు తిరుగును. అందుచే కొన వేడెక్కును. గొలుసునకు నూనె చక్కగా అందుచున్నదో లేదో మాటిమాటికి చూడవలెను. గొలుసు బిగువును ఎప్పటికప్పుడు సరిచేసికొనవలెను.

ఇప్పుడు ప్రమాదము మాట. పూర్తి వేగమున గొలుసు సెకనుకు 20 మీటర్లకు మించి పరుగెత్తును. బారు కొనను అడ్డముగాను నిలువుగాను నాలుగు పాళ్లుగా భావించినచో, కొనయందలి పై పాలు కొయ్యకు తగులుట అన్నిటికంటె అపాయకరము. అచ్చట పన్ను కొయ్యలో చిక్కుకొన్నంతనే గొలుసు ముందుకు పోవు బలమంతయు వెనుకకు తిరిగి, బారు పైకి లేచి, పనివాని ముఖము వైపునకు విసరబడును. దీనినే ఎదురుతన్ను అనవచ్చును. మనిషి రెప్ప వాల్చులోపల అది జరిగిపోవును. తెలిసికొని తప్పించుకొందమనుకొనుట భ్రమ. కొన ఎంత సన్నమైనచో ఎదురుతన్ను అంత తగ్గును. చెక్కడపు బారు పుట్టుటకు ఇదియు ఒక కారణమే. అయితే ఆ సన్నని బారు చేతనున్నదను ధైర్యముతో పెద్ద రంపముతో గూడ కొనను కొయ్యలోనికి గ్రుచ్చువారు కలరు. గ్రుచ్చవలసి వచ్చినప్పుడు కొన క్రింది పాలుతో మొదలుపెట్టి, సందు ఏర్పడిన పిమ్మట మెల్లగా బారును నిటారుగా త్రిప్పుకొనవలెను. యంత్రమునకు గొలుసును తక్షణము నిలుపు తాళము కలదు. అది పనిచేయని రంపమును ముట్టరాదు.

రెండు చేతులతో, బొటనవ్రేళ్లు పిడులచుట్టు తిరుగునట్లుగా రంపమును పట్టవలెను. ముఖము బారునకు సూటిగా రాకుండ ఒక ప్రక్కకు నిలువవలెను. భుజములకంటె ఎత్తున కోయరాదు. నిచ్చెన యెక్కి కోయుట ఆత్మహత్యతో సమానము; ఎత్తైన పనికి పరంజా కట్టుకొనవలెను. ఒంటరిగా పనిచేయరాదు. మన దేశమున పనివారు లుంగీ యెగగట్టి, భుజమున తువ్వాలు వైచుకొని, రబ్బరు చెప్పులతో ఈ రంపమును త్రిప్పుచుండుట వీథులలో చూచుచునే యున్నాము. అది చూచి ఊరకుండుట కంట్రాక్టర్ల కఠినత్వమో, అధికారుల అలసత్వమో చెప్పలేము గాని, ఆ కూలివాని కాలి విలువ ఎవరి లెక్కలోను లేదనుట మాత్రము నిజము. ఈ పనికొరకు తయారైన తొడుగులు కలవు. వాని పొరలలో పొడవైన నారపోగులుండును. గొలుసు తగిలినంతనే ఆ పోగులు వెలికి వచ్చి యంత్రములోని చక్రమునకు చుట్టుకొని గొలుసును ఆపివేయును. వీనితోపాటు కంటి అద్దములు, ఉక్కుకప్పు గల బూట్లు, చెవిమూతలు ఉండవలెను. దినమంతయు వినుటకు 85 డెసిబెల్ల ధ్వనియే హద్దని వైద్యులు చెప్పుదురు. ఈ రంపపు మ్రోత 100 డెసిబెల్లకు మించును. ఏండ్ల తరబడి ఆ అదురును భరించిన చేతులకు రక్తప్రసారము చెడి వ్రేళ్లు తెల్లబారు జబ్బు వచ్చును. అడవి పనివారిలో ఈ జబ్బు బయటపడిన పిదపనే యంత్రములకు అదురును తగ్గించు పిడులమర్చిరి.

గొలుసు పదునుగా నున్నదో లేదో తెలిసికొనుటకు పరీక్ష మరియొకటి అక్కరలేదు. రాలు పొట్టును చూచిన చాలును. పదును గల గొలుసు చిన్నచిన్న పెచ్చులను రాల్చును. మొద్దువారిన గొలుసు పిండిని రాల్చును. పిండి రాలుచున్నప్పుడు బలము పెట్టి నొక్కుట మూర్ఖత్వము. రంపము ఆపి గుండ్రని ఆకురాయి తీసికొనవలెను. ఊరి చెట్లకు మరియొక చిక్కు కలదు. ఎన్నికల ప్రకటనలకును, తీగెలకును, ట్యూబులైట్లకును కొట్టిన మేకులు ఏండ్లు గడచినకొలది బెరడు మూసికొని లోపలనే యుండిపోవును. ఒక్క మేకు చాలును, గొలుసంతయు పాడగుటకు. అనుభవశాలి చెట్టును ముట్టకముందే దాని ప్రక్కయింటివారిని అడిగి, బెరడుమీది నల్లని మచ్చలను చూచి, ఆ చోటులను గుర్తుపెట్టుకొనును.

ఇంతటి యంత్రము చేతికి వచ్చిన తరువాత శిల్పి పని సులభమగునా? వేగమగును, సులభము కాదు. ఉలితో చెక్కువాడు తప్పు కొట్టినను పోవునది గోరంత పెచ్చు. దానిని గమనించి, తలచి, దిద్దుకొనుటకు వ్యవధి యుండును. గొలుసు రంపము రెప్పపాటులో మూరెడు కొయ్యను తీసివేయును. తీసిన కొయ్య తిరిగి రాదు. కనుక చేతితో చెక్కుచు ఆలోచింపవచ్చును గాని, రంపముతో చెక్కువాడు ముందే ఆలోచించి తీరవలెను. ఈ విధానమున పేరుపొందినవారు ముందుగా మట్టితో నమూనా చేసికొందురు. దుంగమీద ముందువైపు రూపమును, ప్రక్కవైపు రూపమును సుద్దతోనో రంగుతోనో గీసికొందురు. పిమ్మట వెలుపలి పెద్ద తలములను తీయుదురు. పక్షిని చెక్కవలసినచో మొదట రెక్కయు రాదు, ముక్కును రాదు. తలకొక దిమ్మ, మేనికొక దిమ్మ, ముక్కు రావలసిన చోట కావలసినదానికంటె రెండింతలు కొయ్య. ముందుకు పొడుచుకొని వచ్చు భాగములను గుర్తించి వానిని కాపాడుకొనుచు, లోతుకు పోవలసిన చోటులను తరువాత తీయుదురు. చివరకు బారును కొయ్యకు తాకీ తాకనట్లు కుంచెవలె ఆడించి తలములను నునుపు చేయుదురు. ఈకలు, వెండ్రుకలు మొదలగు గీతలకు సన్నని కొన. కన్నులకు మరల ఉలియే దిక్కు! చాలమంది ఈ సంగతిని చెప్పుకొనరు గాని, మంచి గొలుసురంపపు శిల్పములో చూపరిని నిలిపివేయు ఆ చూపు చేతి ఉలి పెట్టినదే.

కొయ్య గుణము తెలియనివానికి ఈ కళ అబ్బదు. పచ్చి దుంగలో నీరుండును. తేమ నూటికి 30 పాళ్లకు దిగువకు దిగినప్పటినుండి కొయ్య ముడుచుకొన నారంభించును. అది అన్ని దిక్కుల ఒకేరీతిగా ముడుచుకొన్నచో బాధ లేకపోవును. కాని వలయముల వెంబడి ముడుచుకొనుట, దవ్వనుండి బెరడునకు ముడుచుకొనుటకంటె సుమారు రెండింతలుండును. ఈ తేడావలన దుంగ బెరడునుండి దవ్వవరకు నిలువున బీటవారును. రెండడుగుల దుంగ లోపలివరకు ఆరవలెనన్నచో ఏండ్లు పట్టును, అంతకాలము ఆగువారెవరు? అందుచే పచ్చి కొయ్యనే చెక్కుదురు, బీటను మాత్రము తాము చెప్పిన చోట వచ్చునట్లు చేయుదురు. విగ్రహము వెనుకభాగమున, చూపరికి కనబడనిచోట, తలనుండి పాదములవరకు దవ్వను తాకునంత లోతుగా ఒక నిలువు గాటు పెట్టుదురు. కొయ్య ఆరినకొలది ఆ గాటు విచ్చుకొనును. ముఖము చెక్కుచెదరక నిలుచును. ప్రకృతి ఎట్లును పగులవలెననుచున్నది గనుక దానికొక దారి చూపుటయే ఇందలి యుక్తి. గాటు పెట్టనివాడు ఏడాది తిరుగకముందే గ్రద్ద ముక్కుమీదుగా పోవు పగులును చూచి విచారించును.

యంత్రముతో చేసినది కళయా యను ప్రశ్నకు సమాధానము ఇంతవరకు చెప్పినదానిలోనే కలదు. అయినను పేరుగలవారి సాక్ష్యము కావలెననువారికి అదియు కలదు. జర్మను కళాకారుడు గేయోర్గ్ బాజెలిట్జ్ 1980లో వెనీస్ మహాప్రదర్శనమున గొలుసు రంపముతోను గొడ్డలితోను చెక్కిన కొయ్య విగ్రహమును నిలిపి యూరపు విమర్శకులను కలవరపెట్టెను. రంపపు కాట్లను అతడు దాచలేదు. అవి అతని గీతలైనవి. బ్రిటిషు శిల్పి డేవిడ్ నాష్ వేల్సు దేశమందలి బ్లైనై ఫెస్టినియోగ్ పట్టణమున, ఒక పాత ప్రార్థనామందిరమును శిల్పశాలగా చేసికొని, గొలుసు రంపముతో పనిచేసెను. గాలికి కూలినవి, తెగులు సోకినవి, ప్రమాదకరమైనవని తీసివేయవలసినవి - అట్టి చెట్లనే అతడు గ్రహించెను. 1978లో అతడు పెద్ద ఓకు మ్రానునుండి బండరాతివంటి గోళమును చెక్కి, దానిని వాగులోనుండి తరలించబోగా అది నడుమ చిక్కుకొనెను. అతడు దానిని అట్లే విడిచెను. వరదవచ్చినప్పుడెల్ల కొంత కొంత కదలుచు, దశాబ్దముల పిమ్మట ఆ గోళము నదిలోనికిని సముద్రపు పాయలోనికిని చేరెను. దానిని చూచి ఇది యంత్రము చేసిన పని, కళ కాదు అనగల సాహసికుడు అరుదు.

అట్లని ఈ మార్గమున వచ్చినదెల్ల మెచ్చుకొనవలెనని కాదు. అమెరికా రహదారుల ప్రక్క అమ్మకమునకు నిలిపిన ఎలుగుబంట్లకు లెక్క లేదు. ఎలుగు ఆకారము దుంగ ఆకారమునకు దగ్గరగుటచే తక్కువ కోతలతో అది తయారగును, అమ్ముడుపోవును. ఒకడు చేసినదానిని చూచి మరియొకడు, వానిని చూచి వేరొకడు - ఇట్లు అడవిలోని ఎలుగులకంటె అంగళ్లలోని ఎలుగులే ఎక్కువైనవేమో! గంట గడువులో ఎవరు ముందు ముగింతురో చూడవలెనను పోటీలు మరియొక వేడుక. జనము చేరుదురు, చప్పట్లు కొట్టుదురు, పని నేర్చినవానికి నాలుగు డబ్బులు వచ్చును. అంతవరకు మంచిదే. కాని గడియారమును చూచి చెక్కిన బొమ్మలో గడియారమే కనబడును. పచ్చని చెట్టును ప్రాణముతోనుండగా చెక్కువారు లేకపోలేదు. బెరడు క్రింది పొర తెగినచో చెట్టునకు ఆహారము నడువదు. గాయమునుండి బూజు ప్రవేశించును. అది శిల్పము కాదు, హింస.

ఈ రంపము తన కీర్తిని నిజముగా సంపాదించుకొన్నది చచ్చిన చెట్లవద్ద. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున హోప్ అను చిన్న పట్టణమందలి ఉద్యానములో 1991లో ఒక చెట్టు వేరుతెగులుచే చావుబ్రతుకులలో నుండెను. దానిని కొట్టివేయకుండ తనకిమ్మని పీట్ రయన్ అను శిల్పి పెద్దలను అడిగి, చేపను పట్టిన గ్రద్దగా మార్చెను. ఆ తరువాత ఆ ఊరిలో అట్టి శిల్పములు వరుసగా వెలసి, దానికొక పేరు తెచ్చినవి. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను అమెరికా దక్షిణ తీరమును పాడుచేసినప్పుడు, బిలాక్సీ పట్టణపు సముద్రతీర రహదారి నడుమనున్న ఓకు చెట్లు ఎన్నో మోడులైనవి. డేటన్ స్కాగిన్స్, మార్లిన్ మిల్లర్ అను శిల్పులు ఆ మోడులను డాల్ఫినులుగను, గూడబాతులుగను, కొంగలుగను చెక్కిరి. మిల్లర్ ఆ పనికి ప్రతిఫలము పుచ్చుకొనలేదు.

టెక్సాసులోని గాల్వెస్టన్ కథ ఇంకను హృదయమును తాకునది. 1900వ సంవత్సరపు తుపానులో ఆ ద్వీపమున 6,000 మందికి తక్కువగాక మరణించిరి. బ్రతికినవారు ఊరి నేలనే ఎత్తు చేసి, సముద్రమునకు గోడ కట్టి, వీథుల కిరువైపుల ఓకు మొక్కలు నాటిరి. 2008 సెప్టెంబరు 13న ఐక్ తుపాను వచ్చినప్పుడు ఉప్పునీరు వేళ్లయందు నిలిచి సుమారు 40,000 చెట్లు నశించినవి. తాతలు నాటిన చెట్టు వాకిట ఎండిపోయి నిలిచినప్పుడు దానిని పొయ్యిలోనికి పంపుటకు ఎవరికి మనసొప్పును? ఇంటివారు శిల్పులను పిలిపించి, ఆ మోడులలో కొంగలను, దేవదూతలను, తాము పెంచిన కుక్కలను చెక్కించుకొనిరి. ఆ పనిని ఉలితోనే చేయవలెనన్నచో ఎన్ని మోడులు నిలిచియుండెడివి? వేయింట ఒకటియు నిలువకపోయెడిది.

ఈ కథ తెలుగువారికి దూరమైనది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు గంటకు 180 కిలోమీటర్ల గాలికి విశ్వవిద్యాలయ ప్రాంగణమున, జంతుప్రదర్శనశాలలో, కంబాలకొండ అడవిలో చెట్లు కుప్పలుగా కూలినవి. రోడ్లకడ్డముగా పడినవానిని తొలగించుటకు గొలుసు రంపములే దిక్కైనవి. ఆ పని అత్యవసరమైనది. దానిని తప్పుపట్టువారు లేరు. కాని ప్రతి దుంగయు కట్టెగా పోవలసినదేనా? నిద్రగన్నేరు దుంగ పెద్దది, మెత్తనిది; థాయిలాండు పనివారు దానినే చెక్కి దేశదేశములకు పంపుదురు. వేప చేదుచే పురుగు త్వరగా పట్టదు. సరుగుడు మాత్రము గట్టిదే గాని అడ్డదిడ్డముగా పగులును. తుమ్మ గొలుసు పదునును తినివేయును. తాటికి వలయములే లేవు, నారయే నార. ఈ తరగతులు తెలిసినవాడొక్కడు ఆ కుప్పలచెంత నుండి, పదింట ఒక దుంగను ప్రక్కకు పెట్టించినను ఎంతో మేలు కలిగియుండెడిది. తీరమునకు వచ్చు సముద్రపు తాబేలు, కొల్లేటి గూడబాతు, చేపలబుట్ట తలకెత్తుకొన్న బెస్తవనిత - ఇవన్నియు మన దుంగలలో దాగియున్నవే. పొరుగుదేశపు ఎలుగును అరువు తెచ్చుకొన నక్కరలేదు.

పండితులు ఇచ్చట ఒక ఆక్షేపణ చేయవచ్చును. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రతిమకు తగిన కొయ్యను చెప్పుచు, పిడుగు పడినవి, గాలికి దెబ్బతిన్నవి, తమంత తాము కూలినవి, ఎండినవి అగు వృక్షములను విడువవలెనని విధించెను. ఆ విధి పూజాప్రతిమకు సంబంధించినది. గాలికి మెలితిరిగిన మ్రానులో కంటికి కనబడని పగుళ్లుండునను అనుభవమును దానిలో నుండియుండవచ్చును. ఆ హెచ్చరికను శిల్పి మరువరాదు. కాని పార్కులోని తాబేలునకు ఎవరును ధూపదీపములు పెట్టబోరు గదా!

ఇంక ఉలివారి భయము. ఈ యంత్రము వచ్చి తమ కూటిలో మన్ను పోయునని కొందరి శంక. కొండపల్లి పనివానికి ఆ భయము అక్కరలేదు. అతని తెల్లపొణికి కొయ్య దూదివలె తేలికైనది. అతడు కాలు, చేయి, తల వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి నునుపు చేయును. అది కూర్పు కళ. గొలుసు రంపపు పని ఒకే దుంగనుండి తొలగించు కళ. రెంటికిని పోటీ లేదు. అతనికి కావలసినది యంత్రము కాదు, పొణికి చెట్టు. రథములను, ద్వారబంధములను, నిలువెత్తు విగ్రహములను చెక్కు వడ్రంగుల సంగతి వేరు. దూలమును దిమ్మ చేయు మొరటు పనిలోనే వారి దినములు సగము గడచును. ఆ సగమును రంపమునకు విడిచి, మిగిలినదానిని ఉలికి ఉంచుకొన్నచో వారి రెక్కలకు విశ్రాంతియు, పనికి తగిన కూలియు దక్కవచ్చును. చేతిపనులు నేర్పు శిక్షణాలయములలో రెండేండ్లు మట్టియు ఉలియు పట్టిన పిమ్మటనే, పదునెనిమిదేండ్లు నిండినవారికే, తొడుగులతో సహా ఈ రంపమును అందింపవలెను. చెక్కడము రానివాడు రంపముతో నేర్చుకొనును అను మాట వినసొంపుగా నుండును గాని నిజము కాదు.

నిలిపిన మోడు కలకాలము నిలుచునని మాత్రము ఎవరును భ్రమపడరాదు. చచ్చిన చెట్టు వేళ్లు నేలలో క్రుళ్లును. పైన చక్కగానున్న శిల్పము క్రింద మెత్తబడి ఒక గాలికి ఒరుగును. వానను కాచుటకు ఏటేట నూనె పూయవలెను, చెదలను కనిపెట్టవలెను. బడిపిల్లలు తిరుగు చోటనైనచో దుంగను వేళ్లనుండి వేరుచేసి, అడుగున గాలి ఆడునట్లు రాతి దిమ్మెమీద ఇనుప కమ్మీతో నిలుపుట మేలు. తూర్పు తీరమున తుపాను రాని దశాబ్దము లేదు. ఏ మ్రానును నిలుపవలెను, ఏ దుంగను ఆరబెట్టవలెను, ఎవరికి అప్పగింపవలెను అను పట్టికను పురపాలక సంఘమువారు తుపానునకు ముందే వ్రాసి పెట్టుకొనవలెను. గాలి వెలిసిన పిమ్మట దానికి వారము దినములకంటె వ్యవధి యుండదు. ఆలోగానే కట్టెల లారీలు వచ్చి నిలుచును.